యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయడం ఎలా? కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవారి కోసం

డిగ్రీ పూర్తవుతుంది. పదేళ్లుగా నేర్చుకున్న పాట అప్పుడప్పుడే గొంతులో కుదురుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే ఇంట్లో ఉద్యోగం మాట మొదలవుతుంది. నేను పాఠం చెప్పిన పిల్లల్లో మంచి మనోధర్మం (అప్పటికప్పుడు రాగాన్ని అల్లుకునే నేర్పు) ఉన్నవాళ్లు కొందరు 22, 23 ఏళ్ల దగ్గరే సాధన ఆపేశారు. రోజుకు నాలుగు గంటలు కూర్చునే వీలు లేక ఆపేశారు. ఆ నాలుగు గంటలకు కొంత ఊతమిచ్చే స్కాలర్‌షిప్ కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. దాని పేరు విన్నవాళ్లు తక్కువ. విని దరఖాస్తు చేసినవాళ్లు ఇంకా తక్కువ. చేసినవాళ్లలో చాలామంది పాట వల్ల కాకుండా కాగితాల దగ్గరో, ఆడిషన్‌లో మొదటి రెండు నిమిషాల దగ్గరో దెబ్బతిన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. ఇది పోటీల్లో ఇచ్చే బహుమతిలాంటిది కాదు. గురువు దగ్గర ఇంకో రెండేళ్లు గట్టిగా కూర్చోవడానికి ఇచ్చే సాయం. దరఖాస్తులో రాసే ప్రతి వాక్యమూ, ఆడిషన్‌లో పాడే ప్రతి సంగతీ (ఒకే వరుసను మార్చి మార్చి పాడే తీరు) "ఈ రెండేళ్లు వీళ్లకు ఇస్తే వృథా కావు" అని అవతలివాళ్లకు అనిపించాలి.

మొదటి పని: మీ వయసుకు ఏది సరిపోతుందో తేల్చుకోండి

సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కింద సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్ అనే సంస్థ ఉంది. అందరూ సీసీఆర్‌టీ అంటారు. 1979లో మొదలైంది, ప్రధాన కార్యాలయం ఢిల్లీ ద్వారకలో, మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో. ఇక్కడ చెప్పుకునే మూడు పథకాలూ దీని చేతి మీదుగానే నడుస్తాయి.

10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంట్లో చిన్నవాళ్లు నేర్చుకుంటుంటే దాని సంగతి చూడండి.

18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు ఉద్దేశించింది యువ కళాకారుల స్కాలర్‌షిప్. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ల పాటు ఇస్తారు. దేశం మొత్తానికి, సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ, జానపద కళలు అన్నీ కలిపి ఏడాదికి 400 వరకు ఉంటాయి. గురువు దగ్గరో, సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి.

25 దాటి 40 లోపు ఉన్నవాళ్లకు జూనియర్ ఫెలోషిప్: నెలకు 10,000, ఇదీ రెండేళ్లే. పేరు, డబ్బు చూసి చాలామంది దీన్ని పెద్ద స్కాలర్‌షిప్ అనుకుంటారు. అలా అనుకోవడం పొరపాటు. ఫెలోషిప్ పరిశోధనకు ఇచ్చేది. "నాకు ఇంకా నేర్చుకోవాలని ఉంది" అంటే సరిపోదు. ఏ విషయం మీద పని చేస్తారో, ఎలా చేస్తారో, చివరికి ఏం చేతికొస్తుందో చెప్పే ప్రతిపాదన కావాలి. మరుగున పడ్డ ఒక వాగ్గేయకారుడి కృతుల పాఠాంతరాలు (గురుపరంపరను బట్టి పాడే తీరులో తేడాలు) సేకరించడంలాంటి పని మనసులో ఉన్నవాళ్లకు అది సరైన చోటు.

హిందుస్తానీ సంగీతం నేర్చుకుంటున్నవాళ్లకు కోల్‌కతాలో ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ ఉంది. గురువులూ శిష్యులూ అక్కడే ఉండి, గురుకుల పద్ధతిలో నేర్చుకుంటారు. కర్ణాటక సంగీతంలో పై మెట్టు శిక్షణకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ నడిపే అడ్వాన్స్‌డ్ స్కూల్ ఉంది. ఇవి మీ మీ ఊళ్లు వదిలి వెళ్లాల్సిన దారులు. యువ కళాకారుల స్కాలర్‌షిప్‌లో ఉన్న సుఖమేమిటంటే ఇప్పుడు పాఠం చెప్తున్న గురువు దగ్గరే కొనసాగవచ్చు.

వయసు ఏ తేదీ నాటికి లెక్కగడతారో, ఆ ఏడాది మొత్తమెంతో, గడువెప్పుడో ప్రకటనలో చూసుకోండి. ప్రకటన మొత్తం అచ్చు తీసి, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ రెండుసార్లు చదవండి. స్నేహితుడు పంపిన వాట్సాప్ సారాంశం మీద ఆధారపడకండి.

రెండో పని: గురువు గారితో మాట్లాడండి

చాలామంది ఫారం అంతా నింపేసి, సంతకం కోసం చివరి రోజు గురువు గారి ఇంటికి పరిగెత్తుతారు. అలా చేయకండి. గడువుకు కనీసం నెల ముందు, పాఠం అయ్యాక, కాస్త తీరిక చూసుకుని విషయం చెప్పండి. "స్కాలర్‌షిప్ వస్తే వారానికి మూడు రోజులు రావాలనుకుంటున్నానండీ, మీకు వీలవుతుందా?" అని నోరు తెరిచి అడగండి. ఆయన వారానికి ఒక్క రోజే ఇవ్వగలిగితే, మీరు కాగితం మీద మూడు రోజులని రాయడం అబద్ధమవుతుంది. పైగా ఎంపికయ్యాక ఆరు నెలలకోసారి మీ ప్రగతి నివేదిక వెళ్లాలి. అందులో గురువు మాట ఉండాలి. ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఆ రెండేళ్లూ సాగుతాయి.

ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. మొదటి ఆరేళ్లు ఊళ్లో ఒకరి దగ్గర, తర్వాత రెండేళ్లు పట్నంలో ఇంకొకరి దగ్గర. ఐదేళ్ల లెక్క నిలబడాలంటే పాత గురువు గారి ధ్రువపత్రం కూడా కావాలి. వెళ్లి అడగడానికి మొహమాటపడకండి. సరళీ స్వరాలు దిద్దించినవాళ్లు శిష్యుల మంచి కబురు విని సంతోషిస్తారు. నేను చూసినంతలో ఎవరూ కాదనలేదు.

మూడో పని: కాగితాలు, ముఖ్యంగా పేరు

పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, గురువు ధ్రువపత్రం, సంగీత కళాశాల సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఉంటే దాని నకలు, ఫొటో, బ్యాంకు ఖాతా వివరాలు. సాధారణంగా అడిగేవి ఇవే. వీటిలో మన తెలుగువాళ్లకు తప్పకుండా తగిలే ముల్లు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో అది వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. పెళ్లయిన అమ్మాయిలకు ఇంకో ఇంటిపేరు తోడవుతుంది. మనిషి ఒక్కరే అని మనకు తెలుసు, డబ్బు వేసే కంప్యూటరుకు తెలియదు. దరఖాస్తుకు ముందే ఆధార్, బ్యాంకు ఖాతా రెండింటిలోనూ పేరు ఒకేలా చేయించుకోండి. దానికే కొన్ని వారాలు పట్టవచ్చు.

గురువు ధ్రువపత్రంలో "ఈ విద్యార్థి నా దగ్గర సంగీతం నేర్చుకున్నాడు" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, గాత్రమా వాద్యమా, ఎంతవరకు పాఠమైంది అన్నవి ఉండాలి. గురువు గారికి ఇంగ్లీషో హిందీయో రాయడం ఇబ్బందైతే, ఆయన చెప్పింది మీరు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి.

నాలుగో పని: రెండేళ్ల ప్రణాళిక రాసుకోండి

ఫారంలో దీనికి చోటు రెండు మూడు వరుసలే ఉన్నా, మీరు మాత్రం విడిగా ఒక పేజీ రాసుకోండి. ఆడిషన్‌లో "స్కాలర్‌షిప్ ఇస్తే ఏం నేర్చుకుంటావమ్మా?" అని అడిగినప్పుడు ఆ పేజీయే మీ నోట పలుకుతుంది.

ఒక అమ్మాయి నా దగ్గరికి తెచ్చిన మొదటి చిత్తులో ఇలా ఉంది: "కర్ణాటక సంగీతంలో ఉన్నత స్థాయికి చేరి మన సంస్కృతిని ప్రపంచానికి చాటాలన్నది నా ఆశయం." ఆశయం మంచిదే, కానీ ఈ వాక్యం ఎవరైనా రాయగలరు. ఆ అమ్మాయికి మాత్రమే చెందిన మాట అందులో ఒక్కటీ లేదు. నీకు ఇప్పుడు ఏది రావడం లేదో చెప్పు అన్నాను. కాసేపు తటపటాయించి, "నెరవు రావట్లేదండీ. స్వరకల్పన ఎలాగో లాగించేస్తాను. నెరవుకొచ్చేసరికి మాట విరిగిపోతుంది" అంది. స్వరకల్పన అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లడం, నెరవు అంటే కృతిలోని ఒక వాక్యాన్ని తాళంలోనే రకరకాలుగా అల్లుతూ పాడటం. అక్కడి నుంచే ప్రణాళిక మొదలుపెట్టాం.

మొదటి ఆరు నెలలు: తోడి, భైరవి, కాంభోజి, శంకరాభరణం రాగాల ఆలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం). ఒక్కో రాగంలో రెండేసి పెద్ద కృతులు, పాఠాంతరం చెడకుండా. రెండో ఆరు నెలలు: నెరవు మాత్రమే, ముందు ఆదితాళంలో, తర్వాత మిశ్రచాపులో. మూడో ఆరు నెలలు: రాగం తానం పల్లవి, ఖండ త్రిపుట తాళంలో ఒక పల్లవి మూడు కాలాలూ (వేగాలూ) త్రిశ్రమూ (మూడేసి అక్షరాల నడక) చేసేదాకా. చివరి ఆరు నెలలు: క్షేత్రయ్య పదాలు, జావళీలు, పక్కవాద్యాలతో రెండు గంటల కచేరీ. వారానికి ఎన్ని పాఠాలు, రోజుకు ఎన్ని గంటల సాధన అన్నవి పక్కనే రాశాం. ముందు రాసుకున్న వాక్యం కొట్టేశాం.

మీ ప్రణాళిక ఇలాగే ఉండక్కర్లేదు. మీకు రానిది ఏదో అందులో కనిపించాలి. నాకు అన్నీ వచ్చు అన్నట్టు రాస్తే, ఇక నేర్చుకోవడానికి డబ్బెందుకు?

ఐదో పని: రికార్డింగ్

స్కాలర్‌షిప్‌కైనా, సభల్లో అవకాశానికైనా రికార్డింగ్ అడిగే రోజులివి. స్టూడియో అక్కర్లేదు. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఫోనును ఆరడుగుల దూరంలో ఛాతీ ఎత్తున పెట్టండి. తంబూరా శబ్దం వేరే ఫోను నుంచి రావాలి. అది మీ వెనక ఉంటే బాగుంటుంది, పక్కనే ఉంటే గొంతును మింగేస్తుంది. తాళం వేసే చెయ్యి, వాద్యకారులైతే వేళ్లు స్పష్టంగా కనబడాలి. ప్రతిధ్వని కలపడం, శ్రుతి దిద్దే యాప్‌లు వాడటం లాంటివి చేయొద్దు. ఎదుటికి పిలిచి విన్నప్పుడు అసలు గొంతు బయటపడుతుంది.

ఆరో పని: ఆడిషన్

ఇక్కడ కాసేపు ఆగి చెప్తాను, ఎందుకంటే ఇక్కడే నేను స్వయంగా దెబ్బతిన్నాను.

నా 21వ ఏట ఒక ఎంపికకు వెళ్లాను. అప్పటికి నాకు కదనకుతూహల రాగంలో ఒక జోరైన పాట బాగా కుదిరింది. అదే ఎత్తుకున్నాను. పల్లవి రెండు ఆవర్తనాలు కాగానే పెద్దాయన చెయ్యెత్తి ఆపి, "అది చాలు నాయనా, ఒక వర్ణం పాడు, రెండు కాలాలూ" అన్నారు. వర్ణం అంటే కృతుల కంటే ముందు నేర్చుకునే, రాగానికీ తాళానికీ పునాది వేసే రచన. ఆ వర్ణం నేను ఎనిమిదేళ్ల కిందట నేర్చుకున్నది. మొదటి కాలం గడిచింది. రెండో కాలంలో చిట్టస్వరాల దగ్గర స్వరం తడబడింది, తాళం అరక్షరం జారింది. ఆయన కోప్పడలేదు. కళ్లు దించి కాగితం మీద ఏదో రాసుకున్నారు. అంతే. ఆ రోజు నుంచి నా సాధన వర్ణంతోనే మొదలవుతోంది.

కాబట్టి ఆడిషన్‌కు నెల ముందు నుంచి రోజూ మూడు వర్ణాలు పాడండి. రెండు ఆదితాళానివి, ఒకటి అటతాళానిది. అటతాళంలో 14 అక్షరాలు. చేతిలో ఆ 14 నిలకడగా నడుస్తూ పైన రెండో కాలం దొర్లాలి. అద్దం ముందు కూర్చుని చేతిని గమనించండి. లఘువులో (తాళంలో వేళ్లతో లెక్కపెట్టే భాగం) వేళ్ల లెక్క తప్పడం మనకు తెలియకుండానే జరుగుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకు మాత్రం వెంటనే తెలుస్తుంది.

తర్వాత ఆలాపన. ఇంట్లో ఇరవై నిమిషాలు తీరిగ్గా పాడే అలవాటు ఉంటుంది. ఆడిషన్‌లో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. మూడు నిమిషాల ఆలాపన అనేది వేరే విద్య, దాన్ని విడిగా సాధన చేయాలి. ఫోనులో మూడు నిమిషాలు పెట్టుకోండి. మొదటి సంచారంలోనే రాగం పేరు వినబడాలి. కల్యాణి అయితే షడ్జం పట్టుకుని అరనిమిషం ఊగకుండా, నిషాదం నుంచి రిషభాన్ని అందుకుని "ని రి గా" అంటూ గాంధారం మీద వాలండి. కల్యాణి షడ్జాన్నీ పంచమాన్నీ దాటుకుంటూ నడిచే రాగం కాబట్టి ఆ ఒక్క పలుకుతో ఛాయ వచ్చేస్తుంది. రెండో నిమిషంలో పంచమం చుట్టూ తిరిగి తారస్థాయికి వెళ్లండి. అక్కడ గాంధారం దాకా వెళ్లగలిగితే వెళ్లండి, గొంతు నలుగుతుందనిపిస్తే రిషభం దగ్గరే ఆగండి. మూడో నిమిషంలో నెమ్మదిగా దిగి, మంద్ర నిషాదాన్ని ఒకసారి తాకి షడ్జానికి రండి. ఇలా పది రాగాలకు మూడేసి నిమిషాల నడక సిద్ధం చేసుకోండి. బట్టీ పట్టిన పాఠంలా ఉండకూడదు. దారి తెలిసిన నడకలా ఉండాలి.

పోలిక ఉన్న రాగాలను జంటలుగా సాధన చేయండి. "భైరవికీ ముఖారికీ తేడా పాడి చూపించు" అన్న తరహా ప్రశ్న రావచ్చు. రెండింటిలోనూ ఎక్కేటప్పుడు చతుశ్శ్రుతి ధైవతం (ఎత్తైన "ద"), దిగేటప్పుడు శుద్ధ ధైవతం (తక్కువ "ద"). అవరోహణ కూడా ఒకటే. తేడా నోటితో వివరించడం మొదలుపెడితే తికమకపడతారు. పాడితే సులువు: ముఖారి ఎక్కేటప్పుడు "స రి మ ప" అంటూ గాంధారాన్ని వదిలి వెళ్తుంది, పైన "ని ద సా" అంటుంది. భైరవి "స గ రి గ మ ప" అని గాంధారం మీద మొదలవుతుంది. రెండు పలుకులు పాడి ఆపండి. దర్బారు, నాయకి జంటనూ ఇలాగే గురువు గారి దగ్గర కూర్చుని తేల్చుకోండి.

మేళకర్తల (మిగతా రాగాలకు మూలమైన 72 రాగాల) సంఖ్యలు అడిగితే 72 పేర్లూ కంఠతా రావాలని భయపడక్కర్లేదు. కటపయాది సూత్రం (పేరులోని అక్షరాలను అంకెలుగా చదివే పద్ధతి) వస్తే చాలు. మేచకల్యాణిలో మొదటి రెండు అక్షరాలు "మ", "చ". పవర్గలో "మ" ఐదోది, చవర్గ మొదటి అక్షరం "చ" ఆరు. 56ను తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో "ధ" తొమ్మిది, "ర" రెండు, తిరగేస్తే 29. హనుమతోడిలో "హ" ఎనిమిది, "న" సున్నా, తిరగేస్తే 8. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

ఇక సాహిత్యం. తెలుగు పిల్లలతో నాకున్న పెద్ద బాధ ఇదే. త్యాగరాజస్వామి కృతి మన సొంత భాషలో ఉంది. తమిళనాడులో, కర్ణాటకలో పిల్లలు అర్థం అడిగి, రాసుకుని, నేర్చుకుంటారు. మనవాళ్లు "తెలుగే కదా" అని వదిలేస్తారు. చరణంలో ఒక మాటకు అర్థమేమిటని అడిగితే నీళ్లు నములుతారు. మీరు పాడబోయే ప్రతి కృతినీ పుస్తకంలో రాసి, పదాలు విడగొట్టి, కర్త ఎవరు, క్రియ ఎక్కడుంది అని గుర్తుపెట్టండి. నెరవు చేసే వాక్యాన్నైతే మరీ జాగ్రత్తగా చూడండి. ఎక్కడ ఊపిరి తీసుకుంటే మాట విరగదో అప్పుడే తెలుస్తుంది. నా దగ్గర నెరవు రావట్లేదన్న అమ్మాయికి సగం ఇబ్బంది ఇలాగే తీరింది.

వాద్యకారులకు కొన్ని మాటలు. వీణ, వయొలిన్ వాళ్లు ఒక తీగ ఎక్కువే పట్టుకెళ్లండి, ఏసీ గదిలోకి వెళ్లాక శ్రుతి కదులుతుంది కాబట్టి పిలవడానికి పావుగంట ముందే అక్కడ ఉండండి. మృదంగం వాళ్లు వాయించబోయే ప్రతి ముక్తాయింపూ (ముగింపు వరుస) నోటితో జతులుగా (తకధిమి లాంటి పలుకులుగా) చెప్పగలగాలి. చాపు తాళంలో వాయించమన్నా తడుముకోకూడదు.

గాత్రం వాళ్లు శ్రుతి విషయంలో పంతానికి పోవద్దు. రోజూ ఐదున్నర శ్రుతిలో పాడేవాళ్లు ఆ రోజు గొంతు బరువుగా ఉంటే ఐదుకు దిగండి. దిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. తారషడ్జం అందకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. తంబూరా యాప్ ఉన్న ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆలాపన మధ్యలో ఫోను మోగితే శ్రుతీ పోతుంది, మీరు పట్టుకున్న భావమూ పోతుంది.

వినేవాళ్లు శత్రువులు కారు. వాళ్లూ సంగీతం తెలిసినవాళ్లే, బాగా పాడేవాళ్లు దొరకాలనే కూర్చుంటారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రధానాచార్యులు. అక్కడ చేరి నేర్చుకోవాలని వెళ్లిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ విని, విద్యార్థిగా వద్దు, ఆచార్యుడిగా ఉండమన్నారని చెప్పుకుంటారు. అప్పటికి నాయుడు గారికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. తప్పు వస్తే ఆగిపోకండి. "క్షమించండి" అని మళ్లీ మొదలుపెట్టకండి. తాళం పట్టుకుని ముందుకు సాగండి. కచేరీలో తప్పును ఎలా దాటుతారో వాళ్లకు అందులోనే తెలిసిపోతుంది.

ఏడో పని: ఫలితం వచ్చాక

ఎంపికైతే డబ్బు నెల నెలా పడుతుందనుకోకండి. ఆరు నెలలకో వాయిదా చొప్పున నాలుగు వాయిదాలు. నెలకు 5,000 లెక్కన వాయిదాకు 30,000, రెండేళ్లకు 1,20,000. వాటికి నివేదికలు, కాగితాలు వెళ్తూ ఉండాలి కాబట్టి మొదటి కొన్ని నెలల ప్రయాణం, ఫీజు ఖర్చులకు చేతిలో కొంత ఉంచుకోండి. డబ్బు రాగానే కొత్త ఫోను వైపు మనసు పోతుంది. ముందు గురుదక్షిణ, రానుపోను ఖర్చులు పక్కన పెట్టండి. వాద్యానికి మరమ్మతు ఉంటే అది చేయించండి.

ఎంపిక కాకపోతే ఆ రాత్రే, నిద్రపోకముందే, ఏ రాగం అడిగారు, ఎక్కడ ఆపారు, దేనికి జవాబు రాలేదు అన్నవి కాగితం మీద పెట్టండి. వారం గడిస్తే బాధ మాత్రమే గుర్తుంటుంది, ప్రశ్నలు మరిచిపోతాం. వయసు ఇంకా ఉంటే వచ్చే ఏడాది ఆ కాగితమే మీ పాఠ్యప్రణాళిక. ఈలోగా ఆకాశవాణి ఆడిషన్‌కు ప్రయత్నించండి. అక్కడ బి, బి-హై, ఏ, టాప్ అని శ్రేణులు ఇస్తారు. బి శ్రేణి వచ్చినా తర్వాతి దరఖాస్తులో రాసుకోవడానికి ఒక గట్టి ఆధారం.

ఎంపికైనా కాకపోయినా ఈ రోజే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. తేదీ, పాడిన రాగం, గురువు గారు దిద్దిన సంగతి, అంతే, మూడు గళ్లు. ఆరు నెలల నివేదిక రాయాల్సి వచ్చినప్పుడు నెరవు రావట్లేదన్న ఆ అమ్మాయి అలాంటి పుస్తకం ముందేసుకుని గంటలో రాసేసింది. అందులో రెండో ఆరు నెలల పేజీల్లో దాదాపు ప్రతి రోజూ ఒకటే మాట ఉంది: "నెరవు, మాట విరగలేదు" అని ఒక రోజు, "విరిగింది" అని ఇంకో రోజు. చివరికొచ్చేసరికి "విరిగింది" అన్న రోజులు వారానికి ఒకటో రెండో మిగిలాయి.